తోడు కోసం ఆగకండి: పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ దాకా

మీ ఫోన్లో ఒక వాట్సాప్ గ్రూపు ఉండే ఉంటుంది. దాని పేరు 'యూరప్ ట్రిప్' అనో, అలాంటిదే ఇంకేదో. మొదట్లో ఐదుగురు. ఒకరికి పెళ్లి కుదిరింది. ఒకరికి లీవు దొరకలేదు. ఇంకొకరు ఇల్లు మొదలుపెట్టారు. మిగిలింది మీరు, ఏ సంగతీ తేల్చి చెప్పని ఇంకో మిత్రుడు. ఆ గ్రూపులో చివరి మెసేజి ఏ నెలలో వచ్చిందో ఒకసారి చూడండి.

ఇంతకీ మిమ్మల్ని ఆపుతున్నది ఏమిటి? డబ్బా? పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో నాలుగైదేళ్లుగా పనిచేస్తూ, ఇంటికి పంపగా ఎంతో కొంత వెనకేసుకున్నవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. వీసానా? దానికో పద్ధతి ఉంది, కాగితాలు సరిగ్గా పెడితే చాలావరకు వస్తుంది. భాషా? ప్రాగ్ టికెట్ మిషన్లో ఇంగ్లీషు బటన్ ఉంటుంది. అసలు అడ్డం 'ఎవరూ తోడు లేకుండా ఎట్ల?' అన్న ప్రశ్న ఒక్కటే. దాన్ని ఎవరూ పైకి అనరు. లీవు మీదో, యూరో రేటు మీదో పెడతారు.

నేను గట్టిగా నమ్మేది చెబుతాను. ఒంటరిగా తిరగడం ధైర్యవంతులకు పుట్టుకతో వచ్చే గుణమేమీ కాదు, ఎవరైనా సాధన చేసి తెచ్చుకోవచ్చు. ఆ సాధన యూరప్‌లో మొదలుపెడితే రోజుకు ఆరేడు వేల రూపాయల ఖర్చు. పోతిరెడ్డిపల్లిలో మొదలుపెడితే బస్సు చార్జీ, ఒక ప్లేటు భోజనం. అందుకే ఈ అధ్యాయంలో విమానం ఎక్కడానికి ముందు చేయాల్సిన పనులే ఎక్కువ.

ముందు ఇక్కడే సాధన

1. ఒక్కరే కూర్చుని తినండి. మీరు చివరిసారి హోటల్లో ఒక్కరే, ఫోన్ చూడకుండా, నింపాదిగా భోంచేసింది ఎప్పుడు? గుర్తులేదు కదా! వచ్చే ఆదివారం పటాన్‌చెరులో మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టని హోటల్‌కు వెళ్లండి. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. అరగంట కూర్చోండి. మొదటి పది నిమిషాలు అందరూ మిమ్మల్నే చూస్తున్నారనిపిస్తుంది. ఎవరూ చూడటం లేదని మెల్లగా తెలుస్తుంది. ఈ చిన్న పని చేయలేనివాళ్లు వియన్నాలో కూడా మూడు పూటలా గదిలో బిస్కెట్లతో సరిపెట్టుకుంటారు.

2. బీదర్ వెళ్లి రండి. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో జహీరాబాద్ వైపు వెళ్లే బస్సెక్కండి. అక్కడ మారి బీదర్. బండి మీద వద్దు, కారు మాట్లాడుకోవద్దు. బస్సు కోసం నిలబడటం, ఎక్కడ దిగాలో అడగడం కూడా సాధనలో భాగమే. బీదర్లో కోట ఉంది. 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదర్సా ఉంది, దాని గోడ మీద ఇప్పటికీ మిగిలిన రంగు పలకలున్నాయి. చుట్టూ కన్నడం, దక్కనీ ఉర్దూ వినిపిస్తాయి. అక్కడ మూడు పనులు చేయండి: మ్యాపు తెరవకుండా ముగ్గురిని దారి అడగండి; ఒకేచోట గంటసేపు కూర్చోండి; చీకటి పడకముందే బస్సు పట్టుకుని ఇంటికి చేరండి. మదర్సా అరుగు మీద కూర్చున్న ఆ గంట మీకు బరువుగా గడిచిందా, హాయిగా గడిచిందా? ఆ జవాబు రాసి పెట్టుకోండి. బరువుగా గడిస్తే ఇంకోసారి వెళ్లండి.

3. రెండు రాత్రులు డార్మిటరీలో పడుకోండి. హంపిలో, గోకర్ణలో బ్యాక్‌ప్యాకర్ల హాస్టళ్లున్నాయి. ఆరు మంచాల గదిలో ఒక మంచం తీసుకోండి. యూరప్‌కు తీసుకెళ్లాలనుకున్న సంచినే భుజాన వేసుకుని వెళ్లండి. పక్క మంచం మీద గురక ఎంత వినిపిస్తుంది, రాత్రి పదకొండు తర్వాత చీకట్లో సంచిలోంచి బ్రష్షు తీయడం ఎంత కష్టం, చార్జర్ వైరు ఎంత పొడుగుండాలి, ఇవన్నీ అక్కడే తెలిసిపోతాయి. తిరిగొచ్చాక ఆ సంచిలోంచి వాడనివి తీసేయండి. ఏడెనిమిది కిలోలు దాటకూడదు. అనుమానముంటే ఆ సంచితో చౌరస్తా నుంచి సంగారెడ్డి కొత్త బస్టాండు దాకా నడిచి చూడండి, భుజాలే చెబుతాయి.

ఈ మూడూ చేయకుండా నేరుగా టికెట్ కొనుక్కునేవాళ్లున్నారు. కొందరు బాగానే తిరిగొస్తారు. కానీ మొదటి వారమంతా తిండి అడగడానికి, మంచానికి అలవాటు పడటానికే పోతుంది. అంత ఖర్చు పెట్టి అక్కడికి వెళ్లి హంపిలో నేర్చుకోవాల్సింది నేర్చుకోవడం ఎందుకు?

ఇంట్లో ఎలా చెప్పాలి?

పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే అమ్మాయి ఉందనుకుందాం. పోతిరెడ్డిపల్లిలో అద్దెకుంటుంది, అమ్మానాన్నలు నారాయణఖేడ్ వైపు ఊళ్లో ఉంటారు. ఫోన్లో సంగతి చెప్పగానే అమ్మ అడిగే మొదటి మాట మనకందరికీ తెలుసు: "ఒక్కదానివే ఎట్ల పోతవ్ బిడ్డా? నీకేమన్నయితే ఎవలు చూస్తరు?"

ఈ ప్రశ్నకు "ఏం కాదమ్మా, అందరూ పోతున్నరు" అని జవాబిస్తే పని కాదు. అమ్మ అడిగింది ఇతరుల గురించి కాదు. 'ఎవలు చూస్తరు' అన్నదానికి ఆమెకు నిజమైన జవాబు కావాలి.

4. ఒక కాగితం రాసి ఇవ్వండి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఏ తేదీన ఏ ఊళ్లో ఉంటారు, బస పేరు, దాని ఫోన్ నంబరు, బీమా కంపెనీ ఇరవై నాలుగు గంటల నంబరు, ఆ దేశంలో మన రాయబార కార్యాలయం నంబరు. ఐరోపా సమాఖ్య దేశాలన్నింట్లో ఆపద నంబరు 112. మన దగ్గర కూడా అదే నంబరు కాబట్టి అమ్మకు గుర్తుంచుకోవడం తేలిక. ఈ కాగితం గురించి మీ తమ్ముడికో అన్నకో వివరంగా చెప్పి, ఇంట్లో ఒకరిని బాధ్యుడిగా పెట్టండి.

5. ఫోన్ వేళ ఒకటే పెట్టుకోండి. వేసవిలో మనకూ ప్రాగ్‌కూ మూడున్నర గంటల తేడా. అక్టోబరు చివరి ఆదివారం నాడు వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి నాలుగున్నర. అక్కడ పొద్దున తొమ్మిదికి చేస్తే ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, అన్నం తినే వేళ. రాత్రి చేస్తానని ఎప్పుడూ ఒప్పుకోవద్దు. మీకు రాత్రి పది అంటే వాళ్లకు ఒంటిగంటన్నర. మీరు మర్చిపోయి పడుకుంటే ఇంట్లో తెల్లవార్లూ ఎవరికీ నిద్రుండదు. ఒకరోజు ఫోన్ రాకపోతే ఏం చేయాలో కూడా ముందే చెప్పి పెట్టండి: 'సాయంత్రం దాకా చూడండి, తర్వాత తమ్ముడు బసకు ఫోన్ చేస్తాడు.'

6. అబద్ధం చెప్పి వెళ్లకండి. 'కంపెనీ ట్రైనింగు' అని చెప్పి బయలుదేరితే, అక్కడ పర్సు పోయిన రోజు మీ కష్టం చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు. ఒప్పించడానికి మూడు నెలలు పట్టినా ఒప్పించే వెళ్లండి. బీదర్, హంపి ఒక్కరే వెళ్లొచ్చిన సంగతి ఇక్కడ చాలా పనికొస్తుంది. ఆడపిల్లలైతే, చాలా హాస్టళ్లలో ఆడవాళ్లకు మాత్రమే ఇచ్చే గదులుంటాయని, అక్కడే మంచం తీసుకున్నానని బుకింగ్ చూపించండి.

కాగితాలు

షెంజెన్ వీసా ఒక్కటి ఉంటే ఇప్పుడు యూరప్‌లోని 29 దేశాల్లో తిరగొచ్చు. 2025 జనవరి నుంచి రొమేనియా, బల్గేరియా కూడా పూర్తిగా కలిశాయి. బ్రిటన్, ఐర్లాండ్ ఇందులో లేవు, వాటికి వేరే వీసాలు కావాలి. గుర్తుంచుకోవాల్సిన లెక్కలు కొన్నే:

వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, 2024 జూన్ నుంచి ఇదే. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. వీసా రాకపోయినా ఫీజు తిరిగిరాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజుల ముందు దాకా గడువు. ఆ గడువు దాకా ఆగకండి. మామూలుగా 15 రోజుల్లో తేల్చినా, అవసరమనుకుంటే 45 రోజుల దాకా పట్టొచ్చు. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై, మీరు అక్కణ్నుంచి బయలుదేరే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.

7. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టండి. రాత్రులు సమానమైతే మొదట దిగే దేశానికి. 'ఫలానా దేశం తొందరగా ఇస్తుంది' అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఉండని దేశానికి పెట్టడం చాలామంది చేసే తప్పు. చాలా దేశాల దరఖాస్తులు హైదరాబాద్ కేంద్రంలోనే తీసుకుంటారు. మొదటిసారి వేలిముద్రల కోసం మీరే స్వయంగా వెళ్లాలి.

8. ఖాతాలో డబ్బు పాతదై ఉండాలి. చివరి నెలలో బావ దగ్గరో, స్నేహితుడి దగ్గరో రెండు లక్షలు తెచ్చి ఖాతాలో వేసి స్టేట్‌మెంటు తీస్తే, చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ప్రతి నెలా జీతం పడి, అందులో కొంత నిలిచి, మెల్లగా పెరిగిన ఖాతా మంచి సాక్ష్యం. జీతం చేతికి తీసుకుంటున్న కాంట్రాక్టు ఉద్యోగులు ఈ ప్రయాణం అనుకున్న రోజే ఖాతాకు మార్పించుకోవాలి. జీతం స్లిప్పులు, ఆదాయపు పన్ను రిటర్ను, లీవు మంజూరు చేస్తూ కంపెనీ ఇచ్చిన ఉత్తరం, ఇవన్నీ 'ఇతను తిరిగొస్తాడు' అని చెప్పే కాగితాలే. హెచ్ఆర్ దగ్గర ఆ ఉత్తరం రావడానికి ఎన్ని రోజులు పడుతుందో మీకే బాగా తెలుసు, ముందే అడగండి.

9. తప్పుడు బుకింగులు పెట్టకండి. ఏజెంటు తయారుచేసిచ్చే ఉత్తుత్తి హోటల్ కాగితం కన్నా, రద్దు చేసుకోవడానికి వీలున్న నిజమైన బుకింగ్ మేలు. రద్దుచేస్తే డబ్బు తిరిగిరాని విమానం టికెట్ మాత్రం వీసా చేతికి వచ్చేదాకా కొనకండి.

మూడు ఊళ్లు చాలు

పదిహేను రోజుల్లో పది ఊళ్లు చూసొచ్చామని చెప్పేవాళ్లను చూసి మీకూ ఆశ పుడుతుంది. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది: సంచి సర్దడం, స్టేషన్, రైలు, కొత్త బస వెతుక్కోవడం, మంచం ఇచ్చే వేళ దాకా ఆగడం. పది ఊళ్లంటే నాలుగైదు రోజులు దారిలోనే. పైగా ఒంటరిగా ఉన్నప్పుడు ప్రతి కొత్త ఊరూ మళ్లీ మొదటి రోజే. అదే నాలుగు రోజులు ఒకేచోట ఉంటే రొట్టెల దుకాణంలో మనిషి మిమ్మల్ని గుర్తుపడతాడు, ట్రామ్ నంబరు నోటికొస్తుంది, సాయంత్రం బస వైపు నడుస్తుంటే దారి మీదే అనిపిస్తుంది. తోడు లేని ప్రయాణికుడికి ఆ పరిచయమే తోడు.

10. మొదటి ప్రయాణానికి ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ తీసుకోండి. పారిస్, రోమ్ ఎక్కడికీ పోవు. ఈ మూడూ ఒకే దారిలో ఉన్నాయి. ప్రాగ్ నుంచి వియన్నాకు రైల్లో నాలుగు గంటలు, వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు మూడు గంటల లోపే. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌ల కన్నా ప్రాగ్, బుడాపెస్ట్‌లలో ఖర్చు తక్కువ. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాల్లో, ప్రాగ్‌లో దిగి బుడాపెస్ట్ నుంచి తిరిగొచ్చేలా ఒకే టికెట్ తీసుకోవచ్చు. అప్పుడు వెనక్కి వచ్చే రైలు ఖర్చు, రోజు రెండూ మిగులుతాయి.

ప్రాగ్‌లో ఆరు రాత్రులు ఉండండి, వీసా చెక్ దేశానిది అవుతుంది. 1357లో పునాది వేసిన చార్లెస్ వంతెనను తెల్లవారుజామున చూడండి. పదింటికల్లా అక్కడ అడుగు పెట్టే సందుండదు. ఒక రోజు రైల్లో రెండున్నర గంటలు ప్రయాణించి జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లి రండి. అక్కడి కోటలో 'గ్రీన్ వాల్ట్' అనే ఖజానా ప్రదర్శనశాల ఉంది. దానిలో 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం ఉంది. అది మన కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ప్రపంచం నలుమూలలకూ వజ్రాలు పంపిన గని అది. మన నేల రాయి సాక్సనీ రాజుల చేతికి 1740ల మొదట్లో చేరింది. 2019 నవంబరులో ఆ ఖజానాలో పెద్ద దొంగతనం జరిగినప్పుడు ఈ వజ్రం న్యూయార్క్‌లో ఒక ప్రదర్శనకు వెళ్లి ఉంది. గోల్కొండ కోటకు గంట దూరంలో ఉండే మనం దాన్ని చూడాల్సిందే. ఆ ప్రదర్శనశాల మంగళవారం మూసి ఉంటుంది, ఆ రోజు వెళ్లకండి. సరిహద్దు దాటుతారు కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉండాలి, రైల్లో తనిఖీ ఉండొచ్చు.

వియన్నాలో నాలుగు రాత్రులు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోండి. నీళ్ల సీసా కొనకండి. 1873 నుంచి ఆల్ప్స్ కొండల ఊటనీరు ఆ ఊరికి గొట్టాల్లో వస్తోంది, కుళాయి తిప్పి తాగేయడమే. బుడాపెస్ట్‌లో నాలుగు. అక్కడి ఒకటో నంబరు మెట్రో 1896 నాటిది, యూరప్ ప్రధాన భూభాగంలో మొట్టమొదటిది. 1913లో తెరిచిన సెచెనీ వేడినీళ్ల స్నానశాలలో సగం రోజు గడపొచ్చు.

ఏ కాలంలో? మే నెల, లేదా సెప్టెంబరు. ఆగస్టులో జనమూ ఎక్కువ, రేట్లూ ఎక్కువ. దసరా సెలవులు కలుస్తాయని అక్టోబరు మొదటివారం పెట్టుకునేవాళ్లున్నారు. వాతావరణం బాగానే ఉంటుంది. బతుకమ్మకు ఇంట్లో లేకపోవడం మీకు, మీవాళ్లకు సమ్మతమేనా అన్నది మీరే తేల్చుకోవాలి.

డబ్బు, సంచి, తిండి

నా అంచనా ఇది: ఈ మూడు ఊళ్లలో మంచం, వండుకున్న తిండి, ట్రామ్, ఒకటి రెండు ప్రవేశ టికెట్లు కలిపి రోజుకు 55 నుంచి 75 యూరోలు. యూరో వంద రూపాయల పైనే ఉందని లెక్కేసుకోండి. విమానం, వీసా, బీమా కలిపి మొత్తం రెండు లక్షల పైచిలుకు. అప్పు చేసి వెళ్లకండి. ఆరు నెలలు ఆలస్యమైనా పొదుపు చేసే వెళ్లండి.

11. రెండు కార్డులు, రెండు చోట్ల. ఒకటి పర్సులో, ఒకటి సంచి అడుగున. బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేయండి. మన కార్డుల్లో అది మామూలుగా ఆపి ఉంటుంది. అక్కడి మిషన్ 'రూపాయల్లో చెల్లిస్తారా, స్థానిక డబ్బులోనా?' అని అడిగితే ఎప్పుడూ స్థానిక డబ్బే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్ల ఇష్టం. చెక్ దేశంలో కొరునా, హంగరీలో ఫోరింట్ నడుస్తాయి. యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. మన సిమ్‌కు ఓటీపీ మెసేజీలు వచ్చేలా రోమింగ్ ఉంచుకోండి, డేటా కోసం వేరే ఈ-సిమ్ తీసుకోండి.

12. పచ్చళ్లు ఏవి పట్టుకెళ్లొచ్చో తెలుసుకోండి. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి సంచిలో తేవడం ఐరోపా సమాఖ్యలో నిషేధం. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన మటన్ పచ్చడి, నెయ్యి సీసా, పాలకోవా విమానాశ్రయంలోనే తీసిపారేస్తారు. మామిడికాయ తొక్కు, సకినాలు, మురుకులు, అటుకుల చుడువా పర్వాలేదు. తొక్కు చేతిసంచిలో వద్దు, భద్రతా తనిఖీలో ఆపేస్తారు. చెక్-ఇన్ సామానులో, రెండు కవర్లలో గట్టిగా కట్టి పెట్టండి.

ఇంకా: చిన్న తాళం, హాస్టల్ లాకరుకు చాలాచోట్ల మనదే వేయాలి. ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా, మరుగుదొడ్లలో నీళ్ల ఏర్పాటు ఉండదు. ఏ దేశంలో ఉంటే అక్కడి చిల్లర నాణేలు, వీధి మరుగుదొడ్డికి డబ్బు కట్టాలి. వాన కోటు.

మూడో రోజు

మొదటి రోజు బాగానే ఉంటుంది. కొత్త, ఉత్సాహం, ఫొటోలు. ఒక్క జాగ్రత్త చాలు: పగటిపూట దిగేలా టికెట్ తీసుకోండి, మొదటి రెండు రాత్రుల మంచం ముందే ఖాయం చేసుకోండి.

ఎవరూ ముందుగా చెప్పనిది మూడో రోజు గురించి. కొందరికి అది ఐదో రోజు రావచ్చు, వియన్నాలో ఆదివారం నాడు రావచ్చు. బయట వాన. దుకాణాలు మూసి ఉన్నాయి. గదిలో నిన్న మాట్లాడిన కుర్రాడు పొద్దున్నే వెళ్లిపోయాడు, మంచం మీద మడత దుప్పటి మాత్రమే ఉంది. ఫోన్ తెరిస్తే చిన్నాన్న కూతురి ఫంక్షన్ ఫొటోలు, అందరూ ఒకే రంగు బట్టల్లో. 'నేనిక్కడేం చేస్తున్నా?' అనిపిస్తుంది. ఆ ప్రశ్న ఎంత బలంగా వస్తుందంటే, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మీలో ఏదో లోపం ఉందనుకోకండి. ఒంటరిగా వెళ్లిన చాలామందికి ఇది వస్తుంది.

ఆ వేళ చేసే తప్పులు మూడు. ఒకటి, అప్పుడే ఇంటికి వీడియో కాల్ చేయడం. మీ ముఖం చూసి అమ్మ ఏడుస్తుంది, ఆ తర్వాత రోజూ అడుగుతూనే ఉంటుంది. రెండు, తిరుగు టికెట్ ముందుకు జరపడం. మూడు, ఈ ఊరు బాగాలేదని వెంటనే తర్వాతి ఊరికి పరుగెత్తడం. దిగులు కూడా అదే రైలెక్కుతుంది.

మరి ఏం చేయాలి?

13. ముందు మంచం దిగండి. స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, వాన కోటుతో బయటికి రండి.

14. కాఫీ హౌస్‌కు వెళ్లండి. వియన్నా కాఫీ హౌసుల్లో ఒక్క కాఫీ తీసుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు. కాఫీతో పాటు చిన్న పళ్లెంలో గ్లాసు నీళ్లు పెడతారు. పక్కన పత్రికలుంటాయి. ఎవరూ లేవమని అడగరు. మన పాత ఇరానీ హోటల్లో ఒక చాయ్ మీద పొద్దు గడిపిన పెద్దమనుషులు అక్కడ ఉంటే ఇట్టే కలిసిపోయేవారు. ఒంటరిగా కూర్చున్నవాళ్లు మీ చుట్టూ చాలామంది కనిపిస్తారు. పటాన్‌చెరు హోటల్లో మీరు చేసిన అరగంట సాధన ఇక్కడ అక్కరకొస్తుంది.

15. సాయంత్రం ఏడింటికి హాస్టల్ వంటగదిలో ఉండండి. ఇది ఈ అధ్యాయంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే సలహా. బయట రెస్టారెంట్లో పక్క బల్లవాళ్లతో మాట కలపడం కష్టం. వంటగదిలో అందరికీ ఏదో ఒకటి అవసరమవుతుంది. మీరు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టారు. పక్కన ఒకామె చాకు కోసం సొరుగులు లాగుతోంది. "ఉప్పు ఎక్కడుందో తెలుసా?" అని అడగండి. అంతే. 'మీరెక్కడివారు, ఏం చేస్తుంటారు' అన్న పెద్ద ప్రశ్నలు మొదట వద్దు. చిన్న అవసరంతో మొదలైన మాట దానంతట అదే పెరుగుతుంది. టమాటా అన్నం ఘుమఘుమకు ఎవరో ఒకరు గిన్నెలోకి తొంగి చూస్తారు. అప్పుడు సకినాల పొట్లం విప్పండి. గుండ్రంగా చుట్టిన ఆ పిండివంట ఎలా చేస్తారో, సంక్రాంతికి ఇంటింటా ఆడవాళ్లు కూర్చుని ఎలా చుడతారో చేతులతో చూపించండి. మీ ఇంగ్లీషు తడబడినా పర్వాలేదు, అక్కడున్న సగం మందిదీ అంతే.

ఎవరూ మాట్లాడకపోతే? అలాంటి సాయంత్రాలూ ఉంటాయి. కడుపునిండా వేడన్నం తిని పడుకోండి. రేపు పొద్దున ఊరు నడిచి చూపించే గుంపులో కలవండి. ప్రతి పెద్ద ఊళ్లో అలాంటివి నడుస్తాయి, చివర్లో మీకు తోచినంత గైడ్ చేతిలో పెట్టొచ్చు.

16. రోజూ ఒక పేజీ రాయండి. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామి దారిలో ఆగిన ప్రతి ఊరి సంగతీ రాసుకున్నారు: నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దారి ఎలాంటిది. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. ఆయన వెంట పెద్ద పరివారం ఉంది, మీ వెంట ఎవరూ లేరు. కాబట్టి మీకు ఆ పేజీ ఇంకా ఎక్కువ అవసరం. భావాలు రాయనక్కర్లేదు. ఏం తిన్నారు, ఎంతయింది, ఎవరితో ఏం మాట్లాడారు, ఏ ట్రామ్ ఎక్కారు, అది చాలు.

మోసాలు, ఆపదలు

17. టికెట్ కొనడంతో పని అయిపోదు. ప్రాగ్, బుడాపెస్ట్‌లలో కాగితం టికెట్‌ను చిన్న మిషన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్ జేబులో ఉన్నా తనిఖీవాళ్లు జరిమానా వేస్తారు. వాళ్లు మామూలు బట్టల్లో కూడా ఉంటారు. గుర్తింపు కార్డు చూపమనండి, డబ్బు కడితే రసీదు అడగండి, గొడవపడకండి.

18. వీధిలో డబ్బు మార్చకండి. ప్రాగ్‌లో మంచి రేటిస్తామని దగ్గరికి వచ్చేవాళ్లు చెల్లని నోట్లు అంటగడతారు. దుకాణంలో మార్చుకుని మోసపోయారనిపిస్తే, మూడు గంటల్లోపు వెనక్కి వెళ్లి రద్దు చేయమనొచ్చు. వెయ్యి యూరోల దాకా ఆ హక్కు 2019 నుంచి అక్కడి చట్టంలో ఉంది. అందుకే రసీదు పారేయకండి.

19. రద్దీలో సంచి ముందుకు వేసుకోండి. ట్రామ్ తలుపు దగ్గర, వంతెన మీద, మెట్రో మెట్ల దగ్గర జేబుదొంగలు తిరుగుతారు. ఎవరైనా సంతకం చేయమని అట్ట పట్టుకొస్తే, చేతికి దారం కడతామంటే, ఆగకుండా నడవండి. మర్యాద తప్పుతుందేమో అని ఆగడం మనవాళ్ల అలవాటు, అక్కడ ఆ ఒక్క చోట దాన్ని పక్కన పెట్టండి.

20. పాస్‌పోర్టు పోతే వరుస ఇది: మొదట పోలీసు ఫిర్యాదు, దాని నకలు. తర్వాత ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం. ఇంటికి తిరిగి రావడానికి వాళ్లు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు, రెండు ఫొటోలు వేరే సంచిలో ఉంటే ఈ పని తొందరగా అవుతుంది. ఒక నకలు మెయిల్లో, ఒకటి తమ్ముడి ఫోన్లో పెట్టండి.

తిరిగొచ్చాక

శంషాబాద్‌లో దిగి ఔటర్ రింగ్ రోడ్డు మీద ముత్తంగి దాకా వచ్చి ఇల్లు చేరిన మర్నాడే షిఫ్టుకు వెళ్లేలా లీవు పెట్టుకోకండి. ఒక రోజు నిద్రకు వదిలేయండి.

తర్వాత ఒక కవరు తీసుకుని అందులో బోర్డింగ్ పాసులు, హాస్టల్ రసీదులు, రైలు టికెట్లు, బీమా కాగితం వేసి దాచండి. 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో పాస్‌పోర్టు ముద్ర స్థానంలో వేలిముద్ర, ఫొటోలతో రాకపోకలు నమోదు చేసే పద్ధతి మొదలైంది. మీకిచ్చిన గడువులోపే బయటికి వచ్చారన్నది అక్కడ ఉంటుంది. మీ దగ్గర కూడా సాక్ష్యం ఉండటం మంచిది. భారతీయులకు 2024 ఏప్రిల్‌లో నిబంధనలు కొంత సడలించారు. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని, నియమం తప్పకుండా వాడుకున్నవాళ్లకు మామూలుగా రెండేళ్లు చెల్లే, ఎన్నిసార్లయినా వెళ్లొచ్చే వీసా వస్తుంది. దాన్నీ సరిగ్గా వాడితే ఐదేళ్లది. అంటే రోమ్, పారిస్ కోసం మీరు పెట్టబోయే రెండో దరఖాస్తుకు ఈ కవరే మొదటి కాగితం.